సముద్రం కింద కోనసీమ

పాలకొల్లు, పాశర్లపూడి, భీమనపల్లి, రాజోలు, నర్సాపురం, మత్స్యపురి, ద్రాక్షారామం, మండపేట... గబగబా చదివితే రావులపాలెం బస్టాండులో కండక్టరు కేకల్లా ఉన్నాయి కదా! ఈ పేర్లన్నీ ఒకే కాగితం మీద, ఒకదాని కింద ఒకటి రాసి ఉండగా చూశాను నేను. అది బస్సుల టైంటేబులేమో అనుకునేరు. కృష్ణా–గోదావరి బేసిన్‌లో నేల కింద ఉన్న రాతిపొరల పటం అది. పాలకొల్లు షేల్, భీమనపల్లి సున్నపురాయి, మత్స్యపురి ఇసుకరాయి, నర్సాపురం బంకరాయి... ఇలా ఉంటాయి పేర్లు. ఒక పొర ఏ ఊరి దగ్గర తవ్విన బావిలో బాగా కనిపిస్తే దానికి ఆ ఊరి పేరు పెట్టడం భూగర్భ శాస్త్రంలో ఆనవాయితీ. అలా మన ఊళ్ల పేర్లు నేల కింద కిలోమీటర్ల లోతుకి దిగిపోయాయి. అక్కడితో ఆగారా? ఆ పొరలతో పాటే ఒడ్డు దాటి బంగాళాఖాతం అడుగుకి కూడా వెళ్లిపోయాయి.

పటం మా మావయ్యది. ముప్పై ఏళ్లు రిగ్గుల మీద మడ్ లాగింగ్ పని చేసి, రిటైరయ్యాక రాజమండ్రిలో స్థిరపడ్డాడు. 'కేజీ బేసిన్' అని పేపర్లో చదవడమే తప్ప అదెక్కడుందో, ఎలా ఉంటుందో నాకు తెలియదన్నాను. "కాగితం చూస్తే ఏం తెలుస్తుందిరా? బేసిన్ అంటే ఎక్కడో సముద్రంలో ఉందనుకుంటున్నావు. నువ్వు నిలబడ్డదే దాని మీద. పద, చూపిస్తా" అన్నాడు. అలా బయల్దేరింది మా మూడు రోజుల ప్రయాణం.

నల్లరాయి దగ్గర మొదలు

సముద్రం చూపిస్తానన్న మనిషి మొదట సముద్రానికి వీపు తిప్పాడు. గోదారి దాటి, కొవ్వూరు మీదుగా దేవరపల్లి రోడ్డు పట్టించాడు. గౌరీపట్నం అనగానే చాలామందికి నిర్మలగిరి మేరీమాత కొండ గుర్తొస్తుంది. ఆ చుట్టుపక్కలంతా కంకర క్రషర్లే. రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద బూడిదరంగు దుమ్ము. క్వారీ అంచున నిలబడి చూస్తే ఎదురుగా నిలువెత్తు నల్లరాయి, నరికిన గోడలా.

ఆ రాయి ఒకప్పటి లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు నేల చీలి లావా పొంగింది. మహారాష్ట్రలో అధికభాగం, మన ఆదిలాబాదు, నిజామాబాదు ప్రాంతాల్లో నల్లరేగడికి మూలం ఆ రాయే. అందులో ఒక పాయ పాత నదీలోయలు పట్టుకుని తూర్పుకి పారుతూ రాజమండ్రి దాకా వచ్చిందని శాస్త్రవేత్తలు చెబుతారు. అంటే దాదాపు వెయ్యి కిలోమీటర్ల లావా ప్రవాహం! ప్రపంచంలో ఇంతవరకూ తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటి.

మావయ్య నన్ను ఇంకాస్త దగ్గరికి తీసుకెళ్లి, రెండు నల్లపొరల మధ్య పాలిపోయిన చార ఒకటి చూపించాడు. అది సున్నపురాయి. ఇలాంటి చారల్లోనే దుద్దుకూరు, కాతేరు దగ్గర ఆల్చిప్పల శిలాజాలు దొరికాయి. లావా ఒకసారి పారింది. చల్లారాక సముద్రం దాని మీదికొచ్చింది. ఆల్చిప్పలు పెరిగాయి, చచ్చాయి. మళ్లీ లావా వచ్చి వాటిని కప్పేసింది. "అంటే ఇది అప్పటి సముద్రపు ఒడ్డన్నమాట. ఇప్పుడు ఒడ్డెక్కడుంది? అంతర్వేదిలో. మధ్యలో ఉన్న నేలంతా ఎవరు పోశారు?" అని అడిగాడు. జవాబు ఇద్దరికీ తెలిసిందే.

ఈ నల్లరాయి ఇక్కడితో ఆగదు. ఆగ్నేయంగా వంగి నేలలోకి దిగిపోతుంది. కోనసీమలో బావి తవ్వితే చాలా లోతున మళ్లీ తగులుతుంది. అక్కడ దాని పేరు రాజోలు ఫార్మేషన్. గౌరీపట్నంలో లారీకి ఎత్తుతున్న కంకర లాంటి రాయే రాజోలు కొబ్బరితోటల కింద కిలోమీటర్ల లోతున ఉందంటే నమ్మడానికి కాస్త టైం పట్టింది నాకు. దాని మీద పేరుకున్న మట్టి, ఇసుక, సున్నం అన్నీ కలిపితేనే మన డెల్టా.

మట్టి లెక్క

ధవళేశ్వరం బ్యారేజీ మీద నిలబడితే ఎవరికైనా కాటన్ దొరే గుర్తొస్తాడు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తి చేయించాడాయన. ఇప్పుడున్న బ్యారేజీ దాని స్థానంలో 1970లో మొదలై 1982 నాటికి పూర్తయింది. నీటి లెక్క ఇక్కడ అందరూ చెబుతారు. మట్టి లెక్క చెప్పేవాళ్లే తక్కువ.

త్ర్యంబకేశ్వరం దగ్గర, అరేబియా సముద్రానికి 80 కిలోమీటర్ల దూరంలో పుట్టిన గోదారి, దగ్గర్లో ఉన్న ఆ సముద్రాన్ని వదిలేసి 1,465 కిలోమీటర్లు తూర్పుకి నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. దారిలో దక్కను నల్లరేగడిని కొంత, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చే ఎర్రమట్టినీ ఇసుకనీ కొంత మోసుకొస్తుంది. జులై, ఆగస్టుల్లో 'ఎర్రనీరు వచ్చింది' అంటారే, అదే ఈ మట్టి. పులస ఎదురీదేది కూడా ఆ ఎర్రనీటికే.

సుమారు 6,000 ఏళ్ల కిందట సముద్రపు ఒడ్డు ఇప్పటికన్నా 30 కిలోమీటర్లకు పైగా లోపల ఉండేది. అప్పటి నుంచి ఏటా వచ్చే ఒండ్రు సముద్రాన్ని వెనక్కి నెట్టుకుంటూ పోయింది. ఈ నెట్టడంలో మనిషి చెయ్యి కూడా ఉందట. గోదావరి ముఖం ఎదురుగా 1,200 మీటర్లకు పైగా లోతున్న సముద్రపు అడుగు నుంచి ఒక మట్టి స్తంభాన్ని గొట్టంతో పైకి తీసి, శాస్త్రవేత్తలు పొర పొరగా పరీక్షించారు. గత మూడు నాలుగు వేల ఏళ్ల పొరల్లో దక్కను నల్లమట్టి వాటా పెరుగుతూ వచ్చింది, మట్టి పేరుకునే వేగమూ పెరిగింది. వానలు తగ్గి పచ్చదనం పలచబడటం ఒక కారణం, దక్కనులో వ్యవసాయం విస్తరించడం రెండోది అని వాళ్ల అంచనా. ఎక్కడో మరాఠ్వాడాలో రైతు నాగలి పెడితే ఆ గుర్తు కాకినాడ ఎదుట సముద్రం అడుగున పడిందన్నమాట!

ఇప్పుడు కథ తిరగబడింది. గోదావరి సముద్రానికి చేరవేసే ఒండ్రు 1970ల్లో ఏడాదికి 14, 15 కోట్ల టన్నుల దాకా ఉంటే, 1990ల నాటికి 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కగట్టారు. మూడొంతుల్లో దాదాపు రెండొంతులు పోయినట్టే. పైన కట్టిన డ్యాముల వెనక మట్టి ఆగిపోతోంది. నీళ్లు ఆపినవాడికి మట్టి కూడా ఆగుతుందని తెలుసు. కానీ ఆ మట్టి కోసం కింద ఒకరు ఎదురుచూస్తుంటారని ఎవరూ అనుకోరు.

పాశర్లపూడి ఏం చెప్పింది?

రావులపాలెం దాటితే కోనసీమ. రెండు పక్కలా కొబ్బరి, అరటి, మధ్యలో పంటకాలవ. చూసేవాళ్ల కళ్లు పచ్చదనం మీదే ఉంటాయి. మావయ్య మాత్రం వాటి మధ్య ముళ్లకంచె వేసి ఉన్న బావుల్ని చూపిస్తూ వచ్చాడు. ఎర్రరంగు వాల్వులు పేర్చి చెట్టులా నిలబెట్టిన బావిముఖాన్ని 'క్రిస్మస్ ట్రీ' అంటారట చమురోళ్లు.

ఇక్కడ గ్యాసు ఎందుకుంది? మావయ్య చెప్పిన పద్ధతిలోనే చెబుతాను. నది ఒట్టి మట్టినే తేదు. ఆకులు, కొమ్మలు, బురదలో బతికే కంటికి కనబడని జీవులు, అన్నీ కలిపి తెస్తుంది. గాలి తగలకుండా గబగబా కప్పుకుపోతే అవి కుళ్లిపోవు. మీద కిలోమీటర్ల మందాన మట్టి చేరేకొద్దీ లోపల వేడి పెరుగుతుంది. సుమారు 60 నుంచి 120 డిగ్రీల వేడిలో లక్షల ఏళ్లు ఉడికితే నూనె, ఇంకా వేడెక్కితే గ్యాసు. అలా పుట్టింది పైకి పాకుతుంది. దాన్ని దాచుకోవడానికి గుల్లగా ఉండే ఇసుకరాయి కావాలి, పైన మూతలా బంకరాయి కావాలి. ఉడికే గిన్నె, నింపుకునే కుండ, పైన మూత. మూడూ ఒకచోట కుదిరితేనే బావిలో ఏదైనా పడేది. 1970ల చివర్లో నర్సాపురం దగ్గర తవ్విన బావిలో గ్యాసు జాడ దొరికాక కోనసీమ అంతా రిగ్గులు దిగాయి.

"నా పనేంటో తెలుసా?" అన్నాడు మావయ్య. "బావి తవ్వేటప్పుడు లోపలికి బురద పంపుతారు. అది తిరిగి పైకొస్తూ రాతిపొడిని తెస్తుంది. దాన్ని కడిగి, ఎండబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి ఇది ఏ పొరో చెప్పడమే. ప్రతి ఐదు మీటర్లకీ ఒక చిన్న సంచి. రాత్రి రెండింటికి కూడా సంచి నింపాల్సిందే. ఆ బురదలో గ్యాసు ఎంత కలిసి వస్తోందో మీటరు మీద కన్నేసి ఉంచాలి. ముల్లు పెరిగితే కేకేయాలి."

ఎందుకు కేకేయాలో పాశర్లపూడిలో తెలుస్తుంది. నదులు గబగబా మట్టి పోసిన చోట కింది బురదలోని నీరు బయటికి పోయే సందు దొరకదు. పైన బరువు పెరుగుతుంటే ఆ నీరూ గ్యాసూ విపరీతమైన ఒత్తిడితో లోపలే బిగుసుకుపోతాయి. ఈ బేసిన్‌లో కొన్ని లోతుపొరల గుణం అది. ఆ ఒత్తిడిని పైనుంచి పంపే బురద బరువుతో అదిమి పట్టి ఉంచాలి. పట్టు తప్పితే బ్లోఅవుటే. 1995 జనవరి 8న పాశర్లపూడిలో అదే జరిగింది. మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. మార్చి 15న గానీ అదుపులోకి రాలేదు.

అక్కడి టీకొట్టు దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన్ని అడిగితే, "ఆయ్, ఎందుకు గుర్తులేదండీ! రెండు నెలలు రాత్రన్నది లేదు మాకు. అర్ధరాత్రి పేపరు చదువుకోవచ్చు. ఆ హోరుకి పక్కమనిషి మాట వినపడేది కాదండీ. చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చీవారు. మేవేమో ఊరొదిలి పోయాం" అన్నాడు.

పక్కనే ఉన్న నగరం గ్రామంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాసు పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఆ ఊరి పేరెత్తితే టీకొట్టు దగ్గర ఎవరూ మాట్లాడలేదు. కాసేపయ్యాక ఆ పెద్దాయనే, "పైపు మా ఊళ్లోంచే ఎల్తాదండీ" అన్నాడు. అంతే అన్నాడు.

అంతర్వేది దాటాక

రెండో రోజు అంతర్వేది. గుళ్లో నరసింహస్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటికి పడవ మీద వెళ్లాం. అన్నాచెల్లెళ్ల గట్టు అంటారక్కడ. ఒక పక్క సముద్రపు నీలం, ఒక పక్క నది మట్టిరంగు. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు మధ్యలో ఒక గీత. భక్తులు ఆ గీతని చూసి దణ్ణం పెట్టుకుంటారు. నది ప్రయాణం అక్కడితో అయిపోయిందనే మనమందరం అనుకుంటాం.

అయిపోదట. ఉప్పునీటిలో కలవగానే సన్నటి మట్టిరేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి కిందికి దిగుతాయి. ఒడ్డు దగ్గర సముద్రం లోతు తక్కువ. ఆ అరుగు మీద బురద కుప్పలుగా పేరుకుంటుంది. అరుగు అంచు దాటితే నిటారు వాలు. వరద ఎక్కువై బరువు మోయలేకపోయినా, భూమి కదిలినా, తుపాను అదిలించినా ఆ కుప్ప జారుతుంది. ఇసుక, బురద, నీరు కలిసి సముద్రం అడుగునే ఒక వరదలా పరుగెత్తుతాయి. ఆ పరుగే అడుగున లోయల్ని తవ్వుతుంది, మలుపులు తిరుగుతుంది, రెండు పక్కలా గట్లు పోస్తుంది. పైన గోదారి చేసే పనులన్నీ వెలుతురు చేరని చీకట్లో జరుగుతాయన్నమాట.

ఇలాంటి లోయలు మన తీరం ఎదుట ఉన్నాయని బయటపడిందీ తెలుగునేల మీద జరిగిన పరిశోధనలోనే. 1950ల్లో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి విద్యార్థులతో కలిసి బంగాళాఖాతాన్ని పరిశోధించాడు. తర్వాత 1960ల మొదట్లో విశాఖ తీరానికి ఎదురుగా కనుగొన్న సముద్రగర్భ లోయల్లో ఒకదానికి ఆంధ్ర, ఇంకోదానికి మహదేవన్ అని పేర్లు పెట్టాడు. మహదేవన్ ఆ విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్ర ఆచార్యుడు. మన విశ్వవిద్యాలయం పేరు సముద్రం అడుగున ఉన్న సంగతి అక్కడ చదువుకున్నవాళ్లలో ఎందరికి తెలుసో!

ఇంకా పెద్ద బొమ్మ చూడాలంటే బంగాళాఖాతం మొత్తాన్ని తీసుకోవాలి. గంగ, బ్రహ్మపుత్ర ఏటా మోసుకొచ్చే వంద కోట్ల టన్నుల హిమాలయ మట్టితో ఈ సముద్రం అడుగున దాదాపు 3,000 కిలోమీటర్ల పొడవున విసనకర్రలా ఒక మట్టిపరుపు పరుచుకుంది. శ్రీలంక దాటి భూమధ్యరేఖ అవతలికి కూడా పోయింది. ఉత్తరాన దాని మందం 16 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ప్రపంచంలో ఇంతకన్నా పెద్దది లేదు. గోదావరి, కృష్ణ పోసింది దాని పడమటి అంచున చిన్న కుప్ప. ఆ చిన్న కుప్ప కోసమే ఇంత హడావుడి.

గాడిమొగ లెక్కలు

మూడో రోజు ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా తాళ్లరేవు వైపు వచ్చాం. 'మొగ' అంటే నది సముద్రంలో కలిసే నోరు. గాడిమొగ పేరులోనే ఉంది అది. ఒక పక్క కోరింగ మడ అడవి, రొయ్యల చెరువులు, వాటి మధ్య ఉన్నట్టుండి ఉక్కు గొట్టాల ఊరొకటి. సముద్రం అడుగు నుంచి వచ్చే గ్యాసు ఒడ్డెక్కేది ఇక్కడే. లోపలికి మనల్ని రానివ్వరు. రోడ్డు మీద నుంచే చూశాం.

2002లో ఈ తీరానికి ఎదురుగా, లోతు సముద్రంలో రిలయన్స్ గ్యాసు కనుగొంది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. విశేషమేమిటంటే, ఇక్కడ దొరికిన గ్యాసు మావయ్య చెప్పిన 'ఉడికిన' రకం కాదు. లోతు తక్కువ పొరల్లో, వేడి పెద్దగా లేని చోట, సూక్ష్మజీవులు బురదలోని కుళ్లుని తిని వదిలిన మీథేన్. మన ఊళ్లో పేడ గోబర్ గ్యాసుగా మారడం లాంటిదే. అది నిలవ ఉన్న చోటు ఏమిటంటే, ఇందాక చెప్పిన అడుగు వరదలు తవ్విన కాలవలే. ఒకప్పుడు అవి పూడిపోయి, ఇసుక నిండి, మీద బంకమట్టి కప్పుకుంది. పాతిపెట్టిన గోదారి పాయల్లోంచి తోడుతున్న గ్యాసన్నమాట.

అక్కడే చిక్కొచ్చింది. పాయలంటే మెలికలు. ఇసుక ఒకచోట మందంగా, ఇంకోచోట పలచగా ఉంటుంది. ఈ పాయకీ ఆ పాయకీ సంబంధం ఉందో లేదో పైనుంచి పంపిన ధ్వనితరంగాలతో కొంతవరకే తెలుస్తుంది. రోజుకి 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందని ప్లాను వేస్తే, 2010లో 6 కోట్లు దాటి, తర్వాత పడిపోవడం మొదలైంది. భూగర్భం అనుకున్నదానికన్నా చిక్కుగా ఉందని కంపెనీ అంది. తవ్వాల్సినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం అంది. చివరికి 2020 ఫిబ్రవరిలో ఆ మొదటి క్షేత్రం ఆగిపోయింది. అదే ఏడాది డిసెంబరులో ఇంకా లోతున, 2,000 మీటర్లకు పైగా నీటి కింద మరో క్షేత్రం మొదలైంది. 2024 జనవరిలో ఓఎన్జీసీ కూడా కాకినాడ తీరానికి 30 కిలోమీటర్లకు పైగా దూరంలో లోతు సముద్రం నుంచి మొదటిసారి చమురు తీసింది.

ఇంకో లెక్క కూడా ఉంది. 2005లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ ఒకటి ఈ తీరంలోనే 20 ట్రిలియన్ ఘనపుటడుగుల గ్యాసు దొరికిందని ప్రకటించింది. దేశమంతా పండగ చేసుకుంది. దొరికింది అందులో చాలా తక్కువ. 2017లో ఆ క్షేత్రంలో అధికవాటా ఓఎన్జీసీకి అమ్మేశారు.

"అందుకే చెబుతా, ట్రిలియన్ అనగానే నోరు తెరవొద్దు" అన్నాడు మావయ్య. "మొదట అడగాల్సింది, నేలలో ఉన్నదెంత, బయటికి తీయగలిగిందెంత అని. రెండూ ఒకటి కావు. చెరువులో చేపలెన్ని అంటే ఎవడైనా చెబుతాడు. వలలో పడేవెన్ని అన్నదే లెక్క."

ఈ గ్యాసు ఎక్కడికెళ్తుందో చూస్తే ఇంకో తమాషా. కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల గొట్టం వేశారు. గోదారి పడమటి నుంచి తూర్పుకి ఎంత దూరం నడిచిందో, ఇంచుమించు అంత దూరం ఈ గ్యాసు తూర్పు నుంచి పడమరకి వెళ్తుంది.

మండే మంచు

ఇంతకన్నా వింతైన నిధి ఇంకొకటి అడుగున ఉంది. వెయ్యి మీటర్ల లోతు నీటి కింద చలి ఎక్కువ, ఒత్తిడి ఎక్కువ. అక్కడ బురదలోని మీథేన్ నీటితో కలిసి మంచులా గడ్డకడుతుంది. బయటికి తీసి అగ్గిపుల్ల గీస్తే మంచుగడ్డే మండుతుంది. గ్యాస్ హైడ్రేట్ అంటారు. ఘనపు మీటరు గడ్డ కరిగితే 160 ఘనపు మీటర్లకు పైగా గ్యాసు వస్తుంది.

2006లో జాయిడెస్ రెజల్యూషన్ అనే తవ్వకం ఓడ మన తీరానికి వచ్చి, కృష్ణా–గోదావరి బేసిన్‌లో సుమారు 130 మీటర్ల మందాన ఈ మంచుని కనుగొంది. కాకపోతే అది బంకమట్టి పగుళ్లలో చిక్కుకుని ఉంది, తీయడం కష్టం. 2015లో జపాన్ ఓడ చిక్యూ వచ్చినప్పుడు ఇసుకపొరల్లో కూడా దొరికింది. తీయడానికి అది కాస్త అనువైన చోటు. అయినా ప్రపంచంలో ఎక్కడా దీన్ని వ్యాపారస్థాయిలో తీసే పద్ధతి ఇంకా కుదరలేదు. గడ్డ కరిగితే వాలు మీద బురద జారొచ్చు. మీథేన్ గాలిలోకి చేరితే బొగ్గుపులుసు వాయువు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఎన్నో వేల ఏళ్లుగా చల్లగా నిద్రపోతున్నదాన్ని లేపేముందు బాగా ఆలోచించుకోవాలి.

ఉప్పాడ ఒడ్డున

కాకినాడ నుంచి ఉప్పాడ బీచ్ రోడ్డు మీద సాయంత్రం వెళ్లాం. కుడిచేతి వైపు సముద్రం, ఎదురుగా దూరంగా హోప్ ఐలాండ్ గీత. ఆ దీవి కూడా గోదారి ఇసుకే. గత రెండు వందల ఏళ్లలో అలలు ఆ ఇసుకని ఉత్తరానికి తోసుకుంటూ 16 కిలోమీటర్ల నాలుకలా సాగదీశాయి. కాకినాడ రేవుకి అలల దెబ్బ తగలకుండా కాపాడేది అదే.

ఉప్పాడకి మాత్రం ఆ అదృష్టం లేదు. తుపాను వచ్చినప్పుడల్లా రోడ్డు తెగుతుంది, మళ్లీ రాళ్లు పోస్తారు, మళ్లీ తెగుతుంది. రక్షణకి వేసిన జియోట్యూబ్ గోడ కూడా నిలవలేదు. రాళ్ల అవతల సగం కూలిన ఇంటి గోడకి నీలం సున్నం ఇంకా అంటుకునే ఉంది. వాన వెలిసిన మర్నాడు ఈ ఒడ్డున బంగారం కోసం వెదికేవాళ్లని టీవీల్లో చూసే ఉంటారు. సముద్రంలో కలిసిపోయిన పాత గుళ్లు, ఇళ్లలోని బంగారం అలలకి కొట్టుకొస్తుందని ఇక్కడివాళ్ల నమ్మకం.

వలలు ఆరేస్తున్న ఒక పెద్దావిడని "మీ ఇల్లెక్కడమ్మా?" అని అడిగాను. సముద్రం వైపు చెయ్యి చూపించింది. "అదుగో, ఆ అలున్న కాడ మా అత్తోరిల్లు. దాని ముందు ఈది, దాని ముందు గుడి. ఇప్పుడీ ఇల్లు మూడోది బాబూ. దీన్నీ ఎప్పుడు అడుగుద్దో" అంది. సముద్రం అడుగుద్ది అనే అంది, లాక్కుంటుంది అనలేదు.

ఇలా ఎందుకవుతోందంటే కారణం ఒక్కటే అని చెప్పడానికి లేదు. రేవుల కట్టడాలు ఇసుక నడకని అడ్డుకోవడం ఒకటి. సముద్రమట్టం పెరగడం ఒకటి. అన్నిటికన్నా మూలాన ఉన్నది ఆ మట్టి లెక్క. డెల్టా నేల మెత్తన. తన బరువుకి తానే కొద్దికొద్దిగా దిగుతూ ఉంటుంది. ఇన్ని వేల ఏళ్లూ దిగినంత మేర గోదారి ఏటా కొత్తమట్టి పోసి పూడ్చేది. ఇప్పుడు ఆ పూడ్చేది తగ్గింది, దిగడం మాత్రం ఆగలేదు. కింద నుంచి నీరు, గ్యాసు తోడటం వల్ల అది ఇంకాస్త దిగుతోందా, దిగితే ఎంత అన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య వాదన నడుస్తోంది. ఆ వాదన తేలాలంటే తీరం పొడవునా నేల ఎత్తుని ఏళ్ల తరబడి కొలవాలి, కొలిచింది ఊళ్లవాళ్లకి చెప్పాలి. రాతిపొరలకి ఊళ్ల పేర్లు పెట్టుకున్నప్పుడు ఆ మాత్రం బాకీ ఉండదా?

గ్యాసు వద్దని నేననను. కోనసీమలో ఎవరూ అనలేదు కూడా. వంటగ్యాసు, ఎరువు, కరెంటు అందరికీ కావాలి. కానీ ఈ తీరం గురించి మాట్లాడినప్పుడల్లా అడుగున ఎంతుందన్న లెక్కే వింటాం. గోదారి ఈ ఏడాది ఎంత మట్టి తెచ్చింది, ఒడ్డు ఎంత దిగింది, ఎంత కోసుకుపోయింది అన్న లెక్క కూడా ఆ పక్కనే, అదే పేజీలో పేపర్లో పడాలి. ఎందుకంటే అవి రెండు ఖాతాలు కావు. 6.6 కోట్ల ఏళ్లుగా ఒకే చెయ్యి రాస్తున్న ఒకే పద్దు.

ఈ దారిన మీరూ వెళ్లాలనుకుంటే ఆగస్టులో వెళ్లండి. వరద అదుపులో ఉంటేనే సుమా. గౌరీపట్నంలో నల్లరాయి చూసి, ధవళేశ్వరంలో ఎర్రనీరు చూసి, అంతర్వేది దగ్గర ఒక సీసాలో ఆ నీళ్లు పట్టుకోండి. కదపకుండా ఒక రాత్రి ఉంచితే తెల్లారేసరికి అడుగున మట్టి దిగి ఉంటుంది. కోనసీమ అలాగే తయారైంది.